ఎడారికి నిప్పంటుకొన్న కథ

"ఎడారికి నిప్పంటుకొనునా?" అని తరగతిలో అడిగినచో పిల్లలు నవ్వుదురు. ఎడారిలో కాలుటకు ఏమున్నది? ఇసుక కాలదు, రాయి కాలదు. పాఠ్యపుస్తకములోని బొమ్మలో ఒక ఒంటె, రెండు ఖర్జూరపు చెట్లు తప్ప మరేమియు కనబడదు. అక్కడ ఎండకు అరికాళ్లు కాలునేమో కాని ఊళ్లు తగులబడవు అని వారందురు. ఈ సమాధానము చాలకాలము సరియైనదే. కాని అమెరికా ఖండమునందలి సొనోరా ఎడారిలో నేడది చెల్లదు. అక్కడ మే, జూను మాసములు వచ్చినవనగా అగ్నిమాపక దళములవారు కొండలవంకకు, ఆకాశమువంకకు చూచుచు సిద్ధముగా నుందురు. ఈ మార్పు ఎట్లు వచ్చినది? ఇది తెలిసికొనవలెనన్నచో, ముందుగా అక్కడి మనుష్యులు తరతరములుగా వేసవిని ఎట్లు గడిపిరో తెలిసికొనవలెను. ఏలయన, వారి వేసవి జీవనమునకును, ఆ నేల కాలిపోకుండుటకును మూలకారణము ఒక్కటే: నీటి కొరత.

రెండు వేసవుల దేశము

సొనోరా ఎడారి అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అరిజోనా, కాలిఫోర్నియా రాష్ట్రముల దక్షిణ భాగములందును, మెక్సికో దేశపు వాయవ్య భాగమునందును వ్యాపించియున్నది. దాని వైశాల్యము సుమారు 2,60,000 చదరపు కిలోమీటర్లు. అనగా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటిని కలిపినచో వచ్చు వైశాల్యమునకు కొంచెము తక్కువ. ఫీనిక్స్, టూసాన్ అను పెద్ద నగరములు ఈ ఎడారిలోనే ఉన్నవి. టూసాన్‌లో సంవత్సరమునకు సుమారు 11 అంగుళముల వాన కురియును. మన రాయలసీమలో అతి తక్కువ వర్షపాతము గల అనంతపురమున కురియు వానలో అది దాదాపు సగము మాత్రమే.

ఈ వాన రెండు విడతలుగా వచ్చును. చలికాలమున సన్నని జల్లులు పడును. మరల జూలై మొదలు సెప్టెంబరు వరకు ఉరుములతో, మెరుపులతో పెద్ద వానలు కురియును. ఈ రెండవ వానకాలమును అక్కడివారును మాన్సూన్ అనియే పిలుతురు. మనకు అరేబియా సముద్రము, బంగాళాఖాతము ఎట్లో, వారికి కాలిఫోర్నియా సింధుశాఖ, మెక్సికో సింధుశాఖ అట్లు తేమను పంపును. కావున అక్కడ వేసవులు రెండు. ఏప్రిలు నుండి జూను చివరి వరకు పొడి వేసవి. జూలై నుండి తడి వేసవి. పొడి వేసవిలో వారములకొలది ఒక్క చినుకైనను రాలదు. పగటివేళ గాలిలోని సాపేక్ష ఆర్ద్రత తరచుగా నూటికి పదికన్న తక్కువకు దిగిపోవును. 1990 జూన్ 26వ తేదీన ఫీనిక్స్‌లో 122 ఫారన్‌హీటు డిగ్రీల, అనగా 50 సెంటీగ్రేడు డిగ్రీల, ఉష్ణోగ్రత నమోదైనది.

ఈ ఎడారి ఇసుక దిబ్బల ఎడారి కాదు. చెట్లు, పొదలు, జెముడు జాతులు దండిగా ఉన్నవి. వాటిలో పేరొందినది సాగ్వారో అను మహా జెముడు. స్తంభమువలె నిటారుగా 40 అడుగులవరకు పెరిగి, చేతులు చాచినట్లు కొమ్మలు వేయును. నూట యేబది యేండ్లకు పైగా బ్రదుకగలదు. దాని వేళ్లు లోతుకు పోవు. నేలకు కొద్ది అంగుళముల క్రిందనే, తానెంత యెత్తు ఉన్నదో అంత దూరము చుట్టును ప్రాకి, కురిసిన వానను కురిసినట్లే పీల్చుకొనును. పాలో వెర్డె అను పచ్చని బెరడు గల చెట్టు, మెస్కిటు చెట్టు దానికి తోడు. మెస్కిటు మన సర్కారు తుమ్మకు జ్ఞాతి.

ఈ మొక్కలన్నియు ఎడమెడముగా నిలుచును. ఉన్న కొద్ది నీటిని ఒక్కొక్క మొక్క తన చుట్టునున్న నేలనుండి తీసికొనుటచే, రెండు మొక్కల నడుమ వట్టి మట్టియు, రాళ్లును మిగులును. ఒక చెట్టుపై పిడుగు పడినను ఆ చెట్టు మాత్రమే కాలును. ప్రక్క చెట్టును చేరుటకు మంటకు దారి లేదు. ఈ బయలు నేలయే ఎడారికి అగ్నినుండి రక్షణ. తరతరములుగా నిప్పు ఎరుగని మొక్కలు గనుక, సాగ్వారోకు గాని, పాలో వెర్డెకు గాని మంటను తట్టుకొను శక్తి అలవడలేదు.

కుండ, పందిరి, పండు

ఈ నేలపై అనాదిగా నివసించువారు తొహోనో ఓఓదమ్ ప్రజలు. వారి భాషలో ఆ పేరునకు ఎడారి జనులని అర్థము. పూర్వము తెల్లవారు వీరిని పాపాగోలని పిలిచిరి. 1986లో వారు తమ సొంత పేరునే అధికారికముగా స్వీకరించిరి. వీరికి పూర్వము ఒక్కొక్క కుటుంబమునకు రెండేసి ఊళ్లు ఉండెడివి. చలికాలమున కొండల చెంత ఊటల దగ్గర ఒక ఊరు. వేసవి వానలు వచ్చినప్పుడు పల్లపు నేలలో పొలముల దగ్గర మరియొక ఊరు. కొండలపై కురిసిన వాన వాగులై దిగి, మైదానమున పరచుకొను చోట వీరు పొలములు వేయుదురు. ఆ వరద నీటితో తెపారీ చిక్కుళ్లు, మొక్కజొన్న, గుమ్మడి పండించెడివారు. తెపారీ చిక్కుడు రెండు మూడు నెలలలోనే కాపుకు వచ్చి, ఒకటి రెండు తడులతో పండును. అక్కడి వానకాలమునకు సరిపోవు పంట అది.

పొడి వేసవిలో నీరు తెచ్చుట స్త్రీల పని. ఊటలు మైళ్ల దూరమున ఉండుటచే, ఎండ ముదరక మునుపే చీకటితో లేచి పరుగున పోయి నీరు తెచ్చెడివారు. 1936లో రూత్ అండర్‌హిల్ అను మానవశాస్త్రజ్ఞురాలు ప్రకటించిన ఒక పాపాగో వృద్ధురాలి జీవితకథ నాటి దినచర్యను తెలిసికొనుటకు మంచి ఆధారము. తెచ్చిన నీటిని మట్టి కుండలో పోసి నీడలో నుంచెడివారు. కుండ గోడలోని సన్నని రంధ్రముల గుండ నీరు బయటికి వచ్చి ఆవిరియగును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కెలోరీల వేడిమి కావలెను. ఆ వేడిమిలో చాల భాగము కుండలోని నీటినుండియే పోవును గనుక నీరు చల్లబడును. మన యిండ్లలో వేసవిలో క్రొత్త కుండకు చెమట పట్టుటయు ఇదియే. గాలి ఎంత పొడిగా నున్నచో నీరంత చల్లగా నుండును.

ఇంటి ముందు మెస్కిటు గుంజలు పాతి, పైన సాగ్వారో ఎండుకర్రలు, కంపలు పరచిన పందిరి తప్పనిసరి. దానికి గోడలుండవు, నలువైపులనుండి గాలి ఆడును. పగలంతయు మనుష్యులు దాని క్రిందనే పని చేసికొనుచు, నిద్రించుచు గడుపుదురు. వంట ఆరుబయట, బాగుగా ఊడ్చిన వట్టి నేలపై జరుగును. నిప్పురవ్వ ఎగిరిపడినను దానికి పట్టుకొనుటకు ఏమియు దొరకదు. మంట వెలిగించిన చోటనే ఆరిపోవును.

జూను చివర, ఎండలు మిక్కిలి తీవ్రముగా నున్న దినములలో, సాగ్వారో పండ్లు పండును. ఓఓదమ్ ప్రజలకు ఆ పండుతోనే సంవత్సరాది. కుటుంబములు ఇల్లు విడిచి జెముడు అడవులలో విడిది చేసి, సాగ్వారో ఎండుకర్రలనే జతగా కట్టి చేసిన పొడవైన దోటితో పండ్లు కోయుదురు. ఎర్రని గుజ్జును కాచి పాకము తీయుదురు. గింజలను దంచి పిండి చేయుదురు. పాకములో కొంత భాగమును పులియబెట్టి, వానను పిలుచు పండుగలో అందరును త్రాగుదురు. తరువాత కొద్ది దినములకు వాన వచ్చును. సంవత్సరమున మిక్కిలి కఠినమైన నెలలో ఆహారమిచ్చునది గనుక ఆ జెముడును వారు మ్రాకువలె గాక, మనిషివలె మన్నింతురు.

పట్టణవాసుల రాత్రులు

1775లో స్పెయిన్ వారు టూసాన్‌లో కోట కట్టిరి. అక్కడ స్థిరపడిన స్పానిష్, మెక్సికన్ కుటుంబములు పచ్చి ఇటుకలతో మందమైన గోడలు గల ఇండ్లు కట్టుకొనిరి. అట్టి గోడ పగటి వేడిమిని మెల్లగా పీల్చుకొని రాత్రివేళ విడుచును; కావున పగలు లోపల చల్లగా నుండును. జూన్ 24వ తేదీన వచ్చు సాన్ హువాన్ పండుగనాటికి వానలు మొదలగునని వారి నమ్మకము. ఆ దినమున ఊరేగింపుతో వానకు స్వాగతము చెప్పెడివారు.

1880లో రైలు టూసాన్ చేరినది. తూర్పు రాష్ట్రములనుండి వచ్చినవారు తమ ప్రాంతపు పద్ధతిలో పలుచని గోడల ఇండ్లు కట్టి చాల బాధపడిరి. వేసవి రాత్రులలో లోపల పండుకొనుట అసాధ్యమైనది. అందువలన ఇంటికి ఒక ప్రక్క జాలీ తెరలు బిగించిన నిద్ర వరండాలు వెలసినవి. తడిపిన దుప్పట్లను మంచముల చుట్టు వ్రేలాడదీసి, గాలి వాటిగుండ వచ్చునట్లు చేసికొనెడివారు. 1930 దశకమున ఈ తడి దుప్పటియే యంత్రమైనది. కొయ్యతో గాని రేకుతో గాని చేసిన పెట్టెకు పక్కల ఆస్పెన్ చెట్టు రంపపు చీలికలతో నింపిన మెత్తలు బిగించి, వాటిపై నీరు కారునట్లు చేసి, లోపల విద్యుత్ పంకా నుంచిరి. మన దేశమున వట్టివేళ్ల తడికలపై నీరు చల్లి తలుపులకు కట్టుట ఎరిగినవారికి దీని కిటుకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పెట్టె జూను మాసమున చక్కగా పనిచేయును. జూలైలో తేమగాలి రాగానే నీరు సరిగా ఆవిరికాక, ఇల్లు ఉక్కపోయును. కాని కూలరు పని చెడగొట్టు ఆ తేమయే ఎండిన కొండలను తడిపి మంటల కాలమును ముగించును. తేమ వచ్చినదా లేదా అనునది ఆ నగరములకు ఎంత ముఖ్యమనగా, వాతావరణ శాఖవారు చాలకాలము తుషార బిందువును కొలిచియే మాన్సూన్ ప్రవేశమును నిర్ణయించెడివారు. టూసాన్‌లో అది వరుసగా మూడు దినములు సగటున 54 ఫారన్‌హీటు డిగ్రీలు గాని, అంతకు మించి గాని ఉండవలెను. 2008 నుండి జూన్ 15 మొదలు సెప్టెంబరు 30 వరకు అని తేదీలే నిర్ణయించిరి.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము శీతలీకరణ యంత్రములు వచ్చుటతో నగరములు మహావేగముగా పెరిగినవి. 1940లో ఫీనిక్స్ జనసంఖ్య 65,414, 1960లో 4,39,170, 2020లో 16 లక్షలకు పైగా. ఇండ్లు కొండల పాదములవరకు, జెముడు అడవుల నడుమకు వ్యాపించినవి. ఇండ్లతోపాటు రహదారులు, రహదారులతోపాటు వాహనములు, నిప్పురవ్వలు అక్కడికి చేరినవి. వేడిమియు తగ్గలేదు. 2023లో ఫీనిక్స్‌లో జూన్ 30 మొదలు జూలై 30 వరకు వరుసగా 31 దినములు ఉష్ణోగ్రత 110 ఫారన్‌హీటు డిగ్రీలకు తగ్గలేదు. ఆ సంవత్సరము ఆ నగరమున్న మారికోపా కౌంటీలో వేడిమివలన 645 మంది మరణించినట్లు అధికారులు లెక్కించిరి.

మేలు కోరి నాటిన గడ్డి

ఎడారికి నిప్పు దారి ఎట్లు దొరికినది? దీనికి మూలము పశువుల మేతలో ఉన్నది. రైలు వచ్చిన తరువాత అరిజోనాకు లక్షలకొలది పశువులను తోలిరి. కొండల పాదములందలి గడ్డి మైదానములు అతిగా మేయబడినవి. 1891 నుండి 1893 వరకు వచ్చిన కరవులో పశువులు గుంపులు గుంపులుగా చచ్చినవి. గడ్డి పోయిన నేలను వానలు కోసివేసినవి.

అదే కాలమున మరియొక మార్పు జరిగినది. దాని సాక్ష్యము చెట్ల మ్రానులలో దొరికినది. ఖగోళ శాస్త్రజ్ఞుడగు ఎ. ఇ. డగ్లస్ 1937లో అరిజోనా విశ్వవిద్యాలయమున వృక్ష వలయ పరిశోధనాలయమును స్థాపించెను. చెట్టు వార్షిక వలయములలోని కాలిన మచ్చలను లెక్కించి, ఏ సంవత్సరమున మంట వచ్చెనో చెప్పవచ్చును. ఎడారి నడుమ దీవులవలె లేచిన పర్వతములపై పైన్ అడవులున్నవి. అక్కడ పూర్వము కొద్దియేండ్ల కొకసారి చిన్న మంటలు నేల గడ్డిని కాల్చిపోవుచుండెడివనియు, పందొమ్మిదవ శతాబ్ది చివర అవి దాదాపు ఆగిపోయెననియు ఈ మచ్చలవలన తెలిసినది. నేలపై మంటను మోయు గడ్డిని పశువులు మేసివేయుటయే దానికి ముఖ్య కారణము. అనగా మంట వ్యాపించుటకు కావలసినది వేడిమి కాదు, ఎడతెగని ఇంధనము. ఈ పాఠమును మన కథలో గుర్తుంచుకొనవలెను.

1930 దశకమున అమెరికా మధ్య మైదానములలో దుమ్ము తుపానులు లేచి పొలములను నాశనము చేసినవి. 1935లో అక్కడి ప్రభుత్వము భూసంరక్షణ శాఖను నెలకొల్పినది. కరవుకు తట్టుకొని, మట్టిని పట్టియుంచి, పశువులకు మేతయగు గడ్డి కొరకు ఆ శాఖవారు ప్రపంచమంతయు వెదకిరి. వారికి నచ్చిన వాటిలో ఒకటి బఫెల్ గడ్డి. శాస్త్రనామము సెంక్రస్ సిలియారిస్. ఇది ఆఫ్రికా, అరేబియా, భారత దేశముల పొడి నేలలలో సహజముగా పెరుగును. మన పశుగ్రాస నిపుణులు అంజన్ గడ్డి అని పిలుచునది ఇదియే. టూసాన్‌లోని నర్సరీలో దీనిని పెంచి చూచిరి. 1940 దశకమున, కెన్యాలోని తుర్కానా ప్రాంతపు రకమొకటి టెక్సస్ రైతులకు అందినది. తరువాత మెక్సికోలోని సొనోరా రాష్ట్రమున ఎడారి చెట్లను కొట్టివేసి లక్ష హెక్టార్లకు మించిన నేలలో ఈ గడ్డిని విత్తిరి.

ఆ శాస్త్రజ్ఞులు చేసినది తప్పని నాడెవ్వరును అనియుండరు. గడ్డి మట్టిని నిలిపినది. పశువులు దానిని ఇష్టముగా మేసినవి. కాని అది కంచె లోపల ఆగలేదు. దూదివలె తేలికయైన దాని కంకులు గాలితో, వాహనములతో రహదారుల వెంబడి నడిచినవి. 1980, 1990 దశకములలో టూసాన్ చుట్టునున్న కొండచరియలపై అది వేగముగా వ్యాపించినది. సాగ్వారోల నడుమ నున్న వట్టి నేలను, అనగా ఎడారికి రక్షణయైన ఆ బయలునే, గడ్డి దుబ్బులు నింపివేసినవి. దీనికి ముందే మధ్యధరా ప్రాంతమునుండి వచ్చిన ఎర్ర బ్రోమ్ అను మరియొక గడ్డియు ఎడారిలో పాతుకొనియున్నది. అది చలికాలపు వానలకు మొలచి, మే నెలనాటికి ఎండి వరిగడ్డివలె నిలుచును.

బఫెల్ గడ్డి పొడి వేసవిలో ఎండును. నిప్పు తగిలినచో మహావేడిమితో మండును. మంట పోయిన తరువాత దాని వేళ్లు బ్రదికియే ఉండును. మొదటి వానకు తిరిగి చిగిర్చును. సాగ్వారోకు అది చేతకాదు. మంటకు దాని పచ్చని పైచర్మము ఉడికిపోవును. ఆ చర్మముతోనే అది ఆహారము తయారుచేసికొనును గనుక, పైకి నిలిచియే ఉండి, కొన్ని సంవత్సరములకు కూలిపోవును. చిన్న సాగ్వారోలు ఏ పాలో వెర్డె నీడలో పెరుగవలెనో ఆ చెట్టును కాలిపోవును. ఖాళీయైన చోటును మరల గడ్డియే ఆక్రమించును. మరుసటి మంటకు ఇంధనము మునుపటికన్న ఎక్కువగును. 1992లో డి ఆంటోనియో, విటౌసెక్ అను జీవశాస్త్రజ్ఞులు ప్రపంచమున అనేక చోట్ల జరుగుచున్న ఈ పరిణామమును గడ్డి–నిప్పు చక్రము అను పేరుతో వివరించిరి.

కాలిన వేసవులు

2004–05 చలికాలమున సొనోరా ఎడారిలో వానలు బాగుగా కురిసినవి. రైతునకు అది శుభవార్త. కాని ఆ వానకు ఎర్ర బ్రోమ్ గడ్డి దట్టముగా పెరిగి ఎండినది. 2005 జూన్ 21న ఫీనిక్స్‌కు ఉత్తరమున పిడుగులు పడి మంటలు లేచినవి. వాన చినుకులు పొడిగాలిలోనే ఆవిరియై నేలను చేరకపోవుటయు, పిడుగు మాత్రము చేరుటయు ఆ మాసమున సాధారణము. కేవ్ క్రీక్ మంటలని పిలువబడిన ఆ అగ్నికి 2,48,000 ఎకరములకు పైగా ఆహుతియైనది. అందులో సాగ్వారో ఎడారియు ఉన్నది.

2013 జూన్ 28న ఎడారి అంచుననున్న యార్నెల్ అను చిన్న ఊరి చెంత పిడుగుపాటువలన మంట మొదలైనది. అక్కడ కాలినది ఎడారి గడ్డి కాదు. అనేక దశాబ్దములుగా కాలని దట్టమైన పొదలు. 30వ తేదీ సాయంకాలము సమీపమున ఒక ఉరుముల మేఘము కూలి, దానినుండి దిగిన బలమైన గాలి మంట దిక్కును ఒక్కమారుగా త్రిప్పినది. ప్రెస్కాట్ పట్టణమునకు చెందిన గ్రానైట్ మౌంటెన్ దళములోని 19 మంది అగ్నిమాపకులు ఆ మంటలో చిక్కి మరణించిరి. అందరును ఎదురుచూచు ఆ వాన మేఘమే, చినుకుకు ముందు గాలిని పంపి, ఇంత నష్టము చేయగలదు. అందువలననే మాన్సూన్ మొదటి దినములు అక్కడ ఆశకును, భయమునకును కూడ కారణములు.

2020 జూను మాసమున టూసాన్ ప్రజలు తమ ఇండ్లనుండియే శాంటా కాటలీనా పర్వతములు కాలుట చూచిరి. 5వ తేదీన పిడుగువలన మొదలైన ఆ బిగ్‌హార్న్ మంట సుమారు 1,20,000 ఎకరములను కాల్చినది. ఎక్కువ భాగము కొండపై అడవులే యైనను, పాదములందలి సాగ్వారోలవరకు నిప్పు దిగినది. అదే నెల 13వ తేదీన ఫీనిక్స్‌కు ఈశాన్యమున రహదారి ప్రక్క ఒక వాహనమువలన మొదలైన బుష్ మంట 1,93,000 ఎకరములకు పైగా దహించినది. ఒక మంటకు పిడుగు కారణము, మరియొక దానికి మనిషి. ఎడారిలో మాత్రము రెండింటిని మోసికొనిపోయినది ఎండుగడ్డియే.

గడ్డపలుగు పట్టిన చేతులు

టూసాన్ నగరము నడుమ తుమమోక్ అను కొండ ఉన్నది. 1903లో కార్నెగీ సంస్థ అక్కడ ఎడారి ప్రయోగశాలను స్థాపించినది. 1906లో హద్దులు గీచి, ఒక్కొక్క మొక్కను లెక్కించుట మొదలుపెట్టిరి. అట్టి పాత లెక్కలు ఉండబట్టియే, ఏ మొక్క ఎప్పుడు తగ్గెనో, ఏ గడ్డి ఎప్పుడు పెరిగెనో నేడు సరిపోల్చుట సాధ్యమగుచున్నది. 2005లో అరిజోనా ప్రభుత్వము బఫెల్ గడ్డిని హానికర కలుపుగా ప్రకటించినది. అంతకుముందే, 2000లో, టూసాన్ పౌరులు కొందరు స్వచ్ఛందముగా దళముగా ఏర్పడి గడ్డపలుగులతో కొండలెక్కి, దుబ్బులను వేళ్లతో పెల్లగించుట ప్రారంభించిరి. పై పరకలు కోసినచో చాలదు. మొదలు మిగిలినచో మరల చిగిర్చును. మాన్సూన్ వానకు గడ్డి పచ్చబడిన కొద్ది వారములలో కలుపునాశక మందు చల్లుదురు. ఎండిన గడ్డిపై అది పనిచేయదు.

సామాన్య ప్రజల వేసవి దినచర్యలోను క్రొత్త జాగ్రత్తలు చేరినవి. కరవు ముదిరిన యేండ్లలో అడవులలో నెగళ్లు వేయుట నిషేధింతురు. బండి వెనుక గొలుసులు రోడ్డును ఒరసి నిప్పురవ్వలు రాల్చకుండ ఎత్తికట్టుదురు. ఎండుగడ్డిపై వేడెక్కిన మోటారు బండిని నిలుపరాదు. వారి స్వాతంత్ర్య దినమగు జూలై 4వ తేదీ సరిగా వానలకు ముందు మిక్కిలి పొడిగా నుండు వేళ వచ్చును గనుక బాణసంచా విషయమున ప్రత్యేకముగా హెచ్చరింతురు.

మనకు సంబంధము లేదా?

ఈ కథలో మన దేశమునకును భాగమున్నది. అక్కడ ఎడారిని కాల్చుచున్న గడ్డి మన మెట్టభూములలోను పెరుగును. కాని ఇక్కడ దానిని పశువులు, మేకలు మేయును, రైతులు కోయుదురు. కొండచరియలపై మేయువారు, కోయువారు లేని చోట అదే గడ్డి ఇంధనమైనది. ఆ ఎడారి మెస్కిటునకు జ్ఞాతియగు సర్కారు తుమ్మ అమెరికా ఖండమునుండియే మనకు వచ్చినది. 1870 దశకమున నాటి మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖవారు వంటచెరకు కొరకు కడప జిల్లా కమలాపురమున దానిని నాటిరి. నేడది చెరువు గట్లను, బీళ్లను ఎట్లు ఆక్రమించినదో మన పల్లెవాసులకు తెలియును. రెండుచోట్లను నాటినవారి ఉద్దేశము మంచిదే. ఒక మొక్కను క్రొత్త చోటికి తెచ్చునప్పుడు అది ఏమి ఇచ్చునో లెక్కించిరి కాని, అక్కడ ఏ ఖాళీని నింపునో లెక్కింపలేదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతి బయట సులభముగా చూపవచ్చును. ప్రక్కన ఒక బక్కెట నీరుంచుకొని, ఒక పళ్లెమున తడిమట్టి పరచి, రెండేసి అంగుళముల ఎడముతో అగ్గిపుల్లలను తలలు పైకి ఉండునట్లు గ్రుచ్చవలెను. చివరి పుల్లను ఉపాధ్యాయుడు వెలిగించినచో అది ఒక్కటే కాలి ఆరిపోవును. తరువాత పుల్లల నడుమ ఎండుగడ్డి పరకలు పరచి మరల వెలిగించి చూపవలెను. మొదటి పళ్లెము పాత సొనోరా. రెండవది నేటి సొనోరా. మట్టి కుండ సంగతియు పరీక్షింపవచ్చును. నీటితో నింపిన కుండను ఉదయము, సాయంకాలము తూచి, ఎంత నీరు ఆవిరియైనదో మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి వ్రాసికొన్నచో, టూసాన్ కూలరు జూలైలో ఎందుకు పనిచేయదో విద్యార్థులే చెప్పగలరు.

ఓఓదమ్ కుటుంబములు కొన్ని నేటికిని జూను చివర దోటి పట్టుకొని సాగ్వారో పండ్లు కోయుటకు పోవుచున్నవి. గింజ మొలచినది మొదలు సాగ్వారో తొలిసారి పూచుటకు ముప్పదియేండ్లకు పైగా పట్టును. తొలి కొమ్మ వేయుటకు సాధారణముగా అరువది, డెబ్బది యేండ్లు. ఈ వేసవి కాలిన కొండపై నేడే ఒక గింజ మొలచి, దాని చుట్టు గడ్డి పెరుగకుండ ఎవరైన ప్రతి సంవత్సరము పెల్లగించుచు వచ్చినను, ఆ చెట్టు పండును నేడు పుట్టిన బిడ్డ తన బిడ్డలతో కూడ పోయి కోయవలసియుండును. టూసాన్ కొండలపై గడ్డపలుగు పట్టినవారు ఈ లెక్క తెలిసియే ప్రతి చలికాలము కొండ యెక్కుచున్నారు.